కొలత ఎవరి చేతిలో ఉంటే ధర వారి చేతిలోనే

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గూర్చి, దూడల పోషణ గూర్చి, లెక్కల పుస్తకాల గూర్చి ఈ తరగతిలో పెద్దలు వివరంగా చెప్పారు. మాకు అప్పగించిన అంశం కొంచెం కొత్తది. సెల్‌ఫోనులోని యాప్‌ల ద్వారా బతుకుతెరువు సాగించే పనివారు తామే ఆ యాప్‌కు యజమానులు కావచ్చునా, అందుకు మన సహకార పద్ధతి పనికి వస్తుందా అన్నది ఆ అంశం. పాలకూ దీనికీ సంబంధమేమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం రెండు విధాలుగా ఉన్నది. మొదటిది, మన సభ్యుల ఇళ్ళలోని పిల్లలు అనేకమంది ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో మోటారు సైకిళ్ళ మీద భోజనం పొట్లాలు అందిస్తున్నారు. ఆటోలు, కార్లు నడుపుతున్నారు. రెండవది, వాళ్ళకు ఈనాడు వచ్చిన చిక్కూ, సంఘం పెట్టుకోక పూర్వం పాలరైతుకు ఉన్న చిక్కూ ఒక్కటే.

పాలవర్తకుడు, యాప్ కంపెనీ

సంఘం లేని రోజుల్లో పాలు ఎలా అమ్ముకునేవారో మీలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. వర్తకుడు తన కొలపాత్ర తానే తెచ్చుకునేవాడు. నురుగుతో కొలవాలా, నురుగు తీసి కొలవాలా అన్నది ఆయన ఇష్టం. వెన్న ఎంత ఉన్నదో చెప్పేది ఆయనే. గేదె కొనడానికి అప్పు ఇచ్చినదీ చాలాచోట్ల ఆయనే కనుక, పాలు మరొకరికి పోసే వీలు రైతుకు ఉండేది కాదు. గేదె మనది, గడ్డి మనది, రెక్కల కష్టం మనది. ధర మాత్రం ఆయనది.

యాప్ మీద పనిచేసే పిల్లవాడి సంగతి చూడండి. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఎండ, వాన, రోడ్డు మీది ప్రమాదం అతనివి. ఏ ఆర్డరు ఎవరికి వెళ్ళాలి, కిలోమీటరుకు ఎంత ఇవ్వాలి, కమిషన్ ఎంత పట్టుకోవాలి అన్నవి మాత్రం కంపెనీ యంత్రం నిర్ణయిస్తుంది. వాడుకదారు ఇచ్చే నక్షత్రాలను బట్టి అతనికి మార్కులు పడతాయి. మార్కులు తగ్గితే పని తగ్గుతుంది. ఒక్కొక్కప్పుడు అతని ఐ.డి. ఆగిపోతుంది, ఎందుకు ఆగినదని అడుగుదామంటే ఎదుట మనిషి ఉండడు. అతన్ని ఉద్యోగి అని కంపెనీ ఒప్పుకోదు, భాగస్వామి అని పిలుస్తుంది. ఆ భాగస్వామికి వాటా ఉండదు, ఓటు ఉండదు, లెక్కల పుస్తకం చూసే హక్కు ఉండదు. సహకార శాఖలో ఇన్నేళ్ళు పనిచేసిన మాకు ఇటువంటి భాగస్వామ్యం ఏ చట్టం కిందకు వస్తుందో అంతుబట్టదు.

న్యాయంగా మరొక మాట కూడ చెప్పుకోవాలి. యాప్‌లు వచ్చినందువల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. స్టాండులో గంటలకొద్దీ కూర్చునే ఆటోవాడికి అవి బేరం చూపించాయి. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లవాడికి వారం తిరిగేలోగా చేతికి డబ్బు ఇచ్చాయి. పాలవర్తకుడు కూడ ఊరిలోని పాలను పట్నం దాకా చేర్చినవాడే. చిక్కల్లా, బేరం కుదిర్చేవాడు ఒక్కడే అయి, కొలత అతని చేతిలోనే ఉండి, అడిగే హక్కు మనకు లేనప్పుడు వస్తుంది.

ఇది కొద్దిమంది సంగతి కాదు. నీతి ఆయోగ్ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2020-21లో మన దేశంలో ఇటువంటి పనివారు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరని అదే నివేదిక అంచనా వేసినది.

కమిషన్ తేడా ఎంతో తెలియడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. కారు కిరాయి 200 రూపాయలు అనుకోండి. కంపెనీ నూటికి 25 చొప్పున పట్టుకుంటే 50 రూపాయలు పోతాయి. నూటికి 15 అయితే పోయేది 30 రూపాయలు. కిరాయికి 20 రూపాయల తేడా. రోజుకు పది కిరాయిల మీద 200, నెలకు ఇరవై అయిదు రోజుల పని మీద 5,000 రూపాయలు. ఒక ఇంటి అద్దెకు సరిపోయే సొమ్ము అది. లీటరుకు రూపాయి తేడా వస్తే ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టుకునే మీకు ఈ సంగతి మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఖేడా రైతులు అడిగిన ప్రశ్న

ఈ చిక్కుకు మన పాడి రైతులు ఒకసారి మందు కనిపెట్టారు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాలను బొంబాయికి సరఫరా చేసే అవకాశం 1945లో పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి దక్కింది. రైతుకు దక్కిన ధర మాత్రం పెరగలేదు. రైతులు సర్దార్ పటేల్ గారి వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. సహకార సంఘం పెట్టుకొని పాలు మీరే అమ్ముకోండని ఆయన సలహా ఇచ్చారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి గారి సమక్షంలో సభ జరిగినది. పదిహేను రోజులు వర్తకులకు చుక్క పాలు పోయలేదు. అదే సంవత్సరం డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ రిజిస్టరు అయినది. త్రిభువన్‌దాస్ పటేల్ గారు అధ్యక్షులు. ప్రారంభంలో ఉన్నవి రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు. మనం ఈనాడు అమూల్ అని పిలిచే సంస్థ ఇంత చిన్నదిగా మొదలైనది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. లీటరుకు ఒక అణా ఎక్కువ ఇప్పించండి అని అడిగి ఖేడా రైతులు ఊరుకోలేదు. అడిగి తెచ్చుకున్న అణా ఏ క్షణంలోనైనా మళ్ళీ పోవచ్చును. కొలపాత్ర, వెన్న పరీక్ష, లెక్కల పుస్తకం, డెయిరీ తమవి కావాలని వారు కోరుకున్నారు. మన సంఘంలో లాక్టోమీటరు పాలు పోసేవారి ఎదుటనే ముంచడం, వెన్న శాతం పాసు పుస్తకంలో వెంటనే వ్రాయడం, సంవత్సరానికొకసారి మహాజన సభలో జమాఖర్చు చదివి వినిపించడం, ఇవన్నీ ఆ కోరికలోనుంచి పుట్టిన పద్ధతులే. యాప్ పనివారి విషయంలో కొలపాత్ర అంటే ఆ యాప్. వెన్న పరీక్ష అంటే ఆ నక్షత్రాల మార్కులు. అవి ఎవరి చేతిలో ఉండాలి అన్నదే నేటి ప్రశ్న.

ఇతర దేశాలలో జరిగిన ప్రయత్నాలు

ఈ ప్రశ్న ముందుగా గట్టిగా అడిగినవారు అమెరికాలో ఉన్నారు. న్యూయార్కులోని ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసే ట్రెబర్ షోల్జ్ అనే ఆచార్యులు 2014లో దీనికి వేదిక సహకారం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అప్పటినుంచి పలు దేశాలలో జరిగిన ప్రయత్నాలలో కొన్నిటిని మనవి చేస్తాము.

న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఇళ్ళు శుభ్రం చేసే స్త్రీలు సహకార సంఘాలుగా ఏర్పడి, 2017లో 'అప్ అండ్ గో' అనే పేరుతో ఉమ్మడిగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంటివారు ఫోను ద్వారా పనికి పిలుచుకోవచ్చును. చెల్లించే ప్రతి నూరు రూపాయలలో 95 పనిచేసిన వారికి చేరతాయి, 5 మాత్రమే ఆ వేదిక నిర్వహణ ఖర్చుకు పోతాయి. వారిలో ఎక్కువమంది వేరే దేశాలనుంచి బతకడానికి వచ్చిన స్త్రీలు. అటువంటివారు తమ పనికి ధర తాము నిర్ణయించుకోగలగడం చిన్న సంగతి కాదు.

కెనడా దేశంలో ఫొటోలు తీసేవారు 'స్టాక్సీ' అనే సహకార సంఘం పెట్టుకొని 2013 నుండి తమ ఫొటోలను తామే అమ్ముకుంటున్నారు. మామూలు అమ్మకం మీద సగం సొమ్ము, విస్తృతమైన హక్కులతో చేసే అమ్మకం మీద ముప్పాతిక సొమ్ము ఫొటో తీసినవారికి దక్కేటట్లు నిబంధన పెట్టుకున్నారు.

కారు డ్రైవర్ల విషయంలో చెప్పుకోదగినది న్యూయార్కు డ్రైవర్ల సహకార సంఘం. 2021లో వారు తమ సొంత యాప్‌ను ప్రారంభించారు. ఒక్కొక్క డ్రైవరుకు ఒక వాటా, ఒక ఓటు. కమిషన్ నూటికి 15గా పెట్టుకున్నారు. అయితే పెద్ద కంపెనీలు రాయితీలు కుమ్మరించి ప్రయాణికులను తమవద్దనే ఉంచుకోగలవు. ఈ సంఘానికి ఆ శక్తి లేదు. అందుచేత వృద్ధులను, వికలాంగులను, రోగులను తీసుకువెళ్ళే కాంట్రాక్టు పనులను కూడ చేపట్టి నిలదొక్కుకోవలసి వచ్చినది. పాలు ఎక్కువైనప్పుడు ఆసుపత్రులకు, హాస్టళ్ళకు ఒప్పందం మీద సరఫరా చేసే సమితులు మనకూ ఉన్నవి. బజారు అంతా ఒక్కసారిగా మన చేతికి రానప్పుడు నిలకడైన ఖాతాదారును వెతుక్కోవడం తెలివైన పనే.

మనకు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది ఫ్రాన్సు దేశంలోని 'కూప్‌సైకిల్'. సైకిళ్ళ మీద భోజనం అందించే ఒక కంపెనీ 2016లో దివాళా తీసి, పనివారికి బాకీలు ఎగ్గొట్టిన తర్వాత ఈ ఆలోచన బలపడినది. ఒక్కొక్క ఊరిలో పనివారు చిన్న సంఘం పెట్టుకుంటారు. యాప్ తయారుచేయడం ఒక్కొక్క చిన్న సంఘానికి తలకు మించిన ఖర్చు కనుక, 2017లో అందరూ కలిసి ఒక సమాఖ్య ఏర్పాటు చేసుకున్నారు. యాప్ సమాఖ్యది, దాన్ని వాడుకునేవి ఊరి సంఘాలు. సహకార పద్ధతిలో నడిచే సంస్థలు తప్ప లాభం కోసం నడిచే కంపెనీలు దాన్ని వాడరాదని షరతు కూడ వ్రాసుకున్నారు. గ్రామంలో సంఘం, జిల్లాలో యూనియన్, పైన సమాఖ్య అనే మన మూడంతస్తుల ఏర్పాటు వంటిదే ఇది. గ్రామ సంఘం తనంతట తాను పాలపొడి ఫ్యాక్టరీ కట్టలేదు. అందరూ కలిస్తే కట్టగలరు. యాప్ కూడ పాలపొడి ఫ్యాక్టరీ వంటిదే.

మన దేశంలో

బెంగుళూరులో 2022 నవంబరులో 'నమ్మ యాత్రి' అనే యాప్ వచ్చినది. ఆటో డ్రైవర్ల యూనియన్ దాని వెనుక నిలబడినది. కిరాయి మీద కమిషన్ లేదు. రోజుకు ఇంత అని చిన్న రుసుము చెల్లిస్తే చాలును. ఆ పోటీ వల్ల పెద్ద కంపెనీలు కూడ ఆటోల విషయంలో కమిషన్ మాని రుసుము పద్ధతికి దిగవలసి వచ్చినది. డ్రైవర్లకు ఇది నిజమైన మేలు. కాని ఒక భేదం మరువరాదు. కమిషన్ లేకపోవడం వేరు, యాజమాన్యం ఉండటం వేరు. రుసుమును రేపు పెంచాలా వద్దా అని తీర్మానించే సభలో డ్రైవరు చెయ్యెత్తగలడా? ఎత్తలేకపోతే అది మంచి వర్తకుడి దుకాణమే గాని, మన సంఘం కాదు.

డ్రైవర్లకు సహకార సంస్థ ఏర్పాటు చేస్తామని కేంద్ర సహకార మంత్రి అమిత్ షా గారు 2025 మార్చిలో లోక్‌సభలో ప్రకటించారు. అదే ఏడు జూన్‌లో సహకార్ టాక్సీ కోఆపరేటివ్ లిమిటెడ్ అనే బహుళ రాష్ట్ర సహకార సంఘం రిజిస్టరు అయినది. డిసెంబరులో 'భారత్ టాక్సీ' పేరుతో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా నడక మొదలుపెట్టినది. దీనికి వెన్నుదన్నుగా నిలిచిన సంస్థలలో అమూల్ వారి గుజరాత్ పాల సమాఖ్య, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి, ఇఫ్కో, నాబార్డు ఉన్నవి. అంటే పాలరైతు కూడబెట్టిన పరపతి ఈనాడు టాక్సీ డ్రైవరుకు ఆసరా అవుతున్నది. ఇది మనం సంతోషించదగిన విషయం.

సంతోషంతోపాటు జాగ్రత్త కూడ అవసరం. పైనుంచి పుట్టించిన సంఘాలు మన శాఖకు కొత్త కావు. పెట్టుబడి పెద్ద సంస్థలదైనప్పుడు, సభ్యుడి ఓటు కాగితం మీదనే మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. డ్రైవరు వాటా కొన్నాడా, మహాజన సభకు పిలుపు అందుకున్నాడా, బోర్డులో తన ప్రతినిధిని తానే ఎన్నుకున్నాడా, మిగులు పంపకంలో అతనికి ఏమి దక్కినది అన్నవాటిని బట్టే ఆ సంస్థను తూచవలసి ఉంటుంది.

ఇక చట్టం మాట. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో నూటికి ఒకటి నుండి రెండు వరకు, పనివారికి చెల్లించిన మొత్తంలో నూటికి అయిదుకు మించకుండా, సంక్షేమ నిధికి జమకట్టాలి. మీ పిల్లలు ఈ పనిలో ఉంటే ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోమని తప్పక చెప్పండి. అయితే చట్టం రక్షణ ఇవ్వగలదు, యాజమాన్యం ఇవ్వలేదు. యాజమాన్యం సభ్యులు కలిసి సంపాదించుకోవలసినదే.

ఎక్కడ దెబ్బతింటారు?

ఇటువంటి సంఘం పెట్టడం సులభమని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం మా ఉద్దేశం కాదు. మూడు చోట్ల కష్టం ఉన్నది.

మొదటిది పెట్టుబడి. యాప్ ఒకసారి తయారుచేస్తే అయిపోదు. రోజూ మరమ్మతు ఉంటుంది, ఫిర్యాదులు వినే మనుషులు కావాలి. దీనికి సమాఖ్యే మార్గమని పైన చెప్పుకున్నాము.

రెండవది వాడుకదారు. పది మంది డ్రైవర్లు ఉన్న యాప్‌ను ప్రయాణికుడు తెరవడు, ప్రయాణికులు లేని యాప్‌లో డ్రైవరు ఉండడు. అందుచేత ఊరంతా ఒక్కసారి కమ్మాలని చూడకుండా, ఒక పేట, ఒక ఆసుపత్రి, ఒక కళాశాల, ఒక రైల్వే స్టేషను పట్టుకొని అక్కడ పేరు తెచ్చుకోవాలి. ఖేడా వారు రెండు ఊళ్ళతోనే మొదలుపెట్టారు.

మూడవది అన్నిటికంటె కష్టమైనది, సభ్యుల విశ్వాసం. సంఘం పెట్టిన కొత్తలో ప్రైవేటు డెయిరీ వ్యాను వచ్చి లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామనడం, కొందరు సభ్యులు అటు పోవడం, కేంద్రంలో పాలు తగ్గి సంఘం మూతపడటం, మూతపడిన మరుసటి నెలలోనే ఆ వ్యాను ధర తగ్గించడం, ఇది మీ చుట్టుపక్కల ఊళ్ళలో జరగని కథ కాదు. డ్రైవర్లకూ ఇదే పరీక్ష ఎదురవుతుంది. పోటీ కంపెనీ మూడు నెలలు బోనస్ చూపిస్తుంది. ఆ మూడు నెలలు నిలబడితే సంఘం నిలుస్తుంది.

నిలబడాలంటే సభ్యుడికి తన సంఘం మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లెక్కలలో కనిపించాలి. అందువల్ల పిల్లలకు చెప్పే ముందు మన ఇల్లు మనం చూసుకోవడం మంచిది. వెన్న పరీక్ష అందరి ఎదుట జరుగుతున్నదా? మిల్క్ ఎనలైజర్ చూపించిన అంకె, పాసు పుస్తకంలోని అంకె ఒక్కటేనా? పక్షం బిల్లు పక్షానికే చెల్లిస్తున్నారా? ఇంట్లో పాలు పితికేది స్త్రీ అయినప్పుడు సభ్యత్వం ఆమె పేరున ఉన్నదా? మహాజన సభ తీర్మానాల మీద సంతకాలు సభలో చేయించారా, ఇళ్ళకు పుస్తకం పంపి చేయించారా? వీటికి సరైన జవాబు లేని సంఘం బోర్డు మార్చుకున్న పాలవర్తకుడి దుకాణమే అవుతుంది. మెత్తగా చెప్పవలసిన మాట కాదు కనుక గట్టిగానే చెబుతున్నాము.

మనం చేయదగినవి

మొదటిది, పట్నంలో ఇటువంటి పని చేస్తున్న మీ పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వారి ముందుంచండి. రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు? మార్కులు తగ్గినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? లెక్క ఎవరు చూపిస్తారు? మిగులు ఎవరికి పోతున్నది? ఏదైనా కొత్త యాప్ "మాది డ్రైవర్ల యాప్" అని చెప్పుకుంటే, చేరే ముందు ఆ నాలుగు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు అడగమనండి.

రెండవది, ఒక ప్రాంతం పిల్లలు కలిసి సంఘం పెట్టుకోదలిస్తే, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలును. నియమావళి వ్రాయడంలో, సభ జరపడంలో, పుస్తకాలు ప్రారంభించడంలో మీ కార్యదర్శుల అనుభవం వారికి ఉపయోగపడుతుంది. మా శాఖ కార్యాలయం తలుపు కూడ తెరిచే ఉంటుంది. సభ జరుపుకోవడానికి సంఘ భవనం ఇవ్వవచ్చును. అయితే ఒక హెచ్చరిక. నియమావళిలో అధికారం లేకుండా, మహాజన సభ తీర్మానం లేకుండా పాల సంఘం నిధుల నుండి ఒక్క రూపాయి కూడ అటు మళ్ళించకూడదు. మంచి ఉద్దేశంతో చేసినా ఆడిట్‌లో అది తప్పే.

మూడవది, మన సొంత విషయం. పట్టణాలలో తెల్లవారేసరికి పాల ప్యాకెట్లు కూడ యాప్‌ల ద్వారానే గడపకు చేరుతున్నవి. రేపు పాలు కొనే ఇల్లాలి చిరునామా, ఆమె అవసరం, ఆమె నమ్మకం ఆ కంపెనీ చేతిలో ఉంటే, డెయిరీ ఎవరిదైనా ధర చెప్పేది ఆ కంపెనీయే. పాలు అందించే పనివారి సంఘం, పాలు పోసే రైతుల సమాఖ్య ఒప్పందం చేసుకొని ఆ గడపదాకా కలిసి వెళ్ళగలిగితే మధ్య కమిషన్ రెండు వైపులా పంచుకోవచ్చును. ఈ అంశాన్ని యూనియన్ సమావేశాలలో చర్చకు పెట్టవలసినదిగా అధ్యక్షులను కోరుతున్నాము.

సహకార డిప్లొమా చదివేటప్పుడు మాకు మొదట నేర్పినది 1844 నాటి రాక్‌డేల్ నేత కార్మికుల చరిత్ర. కల్తీ లేని సరుకు, సరైన తూకం కోసం వారు సంఘం పెట్టుకున్నారు. ఖేడా రైతులు సరైన కొలత కోసం పెట్టుకున్నారు. యాప్ పనివారు కోరుతున్నదీ అదే. తూకం రాయి నుండి సెల్‌ఫోను దాకా పనిముట్టు మారినది, అడగవలసిన ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్నను మన పాలకేంద్రం దగ్గర రోజుకు రెండుసార్లు అడిగే అలవాటు మీకు ఉన్నది. ఆ అలవాటును మీ పిల్లలకు ఇవ్వండి.

 సందేహాలు ఉన్నవారు భోజన విరామం తర్వాత అడగవచ్చును.